ప్రసాదంలో బావ వాటా

నోటికి మాట ఇచ్చిన స్వామికి, మాట రాని చోట మనసు వినే స్వామికి, చేతులు సగమే ఉన్నా లోకమంతటినీ దగ్గరకు తీసుకునే నీలాచలవాసునికి ముందుగా నమస్కారం. ఆయన పెద్ద కళ్లకు రెప్పలు లేవు. మనం దాచుకున్నదంతా ఆయన చూస్తూనే ఉంటాడు. చూసి కూడా ఏడాదికోసారి రథమెక్కి మన వీధిలోకి వస్తాడు. ఆ దయకు జయం. ఇది రాస్తున్నంతసేపూ నా చెయ్యి ఆయనే పట్టుకోవాలి.

బీమా పనిలోకి కొత్తగా దిగేవాళ్లు ఇప్పటికీ బరంపురంలో మా ఇంటికి వచ్చి ఒక మాట అడుగుతుంటారు. ఒక్క కంపెనీకే కట్టుబడి ఉండటం మంచిదా, ఏ కంపెనీ పాలసీ అయినా అమ్ముకునేలా స్వతంత్రంగా ఉండటం మంచిదా అని. నేను రెండూ చేసినవాణ్ని. ఇరవై ఏళ్లకు పైగా ఒకే కంపెనీకి ఏజెంటుగా తిరిగాను. తర్వాత దాన్ని వదిలేసి, నాలుగు కంపెనీల పాలసీలు అమ్మే ఒక బ్రోకరు ఆఫీసు తరఫున పనిచేశాను. ఇప్పుడు రెండూ లేవు. అడిగినవాళ్లకు నేను సూటిగా జవాబు చెప్పను. మద్దెల బావ సంగతి చెబుతాను.

బావ అంటే మాకు చుట్టరికం ఏమీ లేదు. మా భజన గోష్ఠిలో ఆయనది మద్దెల, నాది తాళాలు. పక్కపక్కన కూర్చునేవాళ్లం కాబట్టి ఎప్పుడో ఆ పిలుపు కలిసింది. ఆయనకు పొలసరలో కిరాణా కొట్టు. ముందు గదిలో కొట్టు, వెనక రెండు గదుల్లో కాపురం. పిల్లలు లేరు. ఆయన భార్యను నేను అక్కా అనేవాణ్ని. ప్రతి ఏకాదశికీ కొట్టు ఆవిడకు అప్పగించి, మద్దెలను పాత దుప్పటిలో చుట్టుకుని, బస్సెక్కి బరంపురం వచ్చేవాడు.

భజన అయ్యాక చక్కెర పొంగలి దొప్పల్లో పెట్టేవారు; మా స్వామి ప్రసాదానికి ఏకాదశి ఉపవాసం అడ్డు కాదు. బావ తన దొప్పను రెండు చేతులతో అందుకుని, కళ్లకు అద్దుకుని, ఒక్క మెతుకు నాలుక మీద వేసుకుని, మిగతాదంతా నా దొప్పలో ఒంపేసేవాడు.

"నా పుణ్యం నాకు, నా పొంగలి నీకు, తమ్ముడూ."

"తీపంటే భయమేటి బావా?"

"భయం కాదురా, బంగారం. నీ పొట్ట సూత్తే జాలేత్తది."

అందరూ నవ్వేవాళ్లు. నేను తినేవాణ్ని. ఆయన చొక్కా జేబులో మాత్రల అట్ట అంచు కనిపించేది. అది ఏ జబ్బు మాత్రో నాకు తెలుసు. ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేను ఎప్పుడూ అడగలేదు. అలా ఎన్ని ఏకాదశులు ఆయన వాటా తిన్నానో లెక్క లేదు.

అడగకపోవడం మా వర్తకుల ఇళ్లలో మర్యాద. మంచి పని దగ్గర చెడ్డ మాట రాకూడదు. కొత్త పద్దు పుస్తకం తెరిచేటప్పుడు ఎవరూ నష్టం మాట ఎత్తరు. పాలసీ కాగితమూ మాకు అలాంటిదే. తిథి చూసి, వర్జ్యం లేని వేళ చూసి, దేవుడి పటం ముందు పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసి సంతకం చేస్తారు. ఆ వేళ జబ్బు పేరు, చావు మాట వినపడకూడదు. చావు కోసమే రాసుకునే కాగితం అది. అయినా నేను "ఏదైనా అయితే" అని మాత్రమే అనేవాణ్ని. ఆ మాట వినగానే ఇంటివాళ్లందరూ పటం వైపు చూసేవాళ్లు. అంతటితో అయిపోయేది.

దరఖాస్తులో ఒక పేజీ నిండా ఆరోగ్యం గురించిన ప్రశ్నలు ఉంటాయి. షుగరు ఉందా, బీపీ ఉందా, గుండె జబ్బు ఉందా, మందులేమైనా వాడుతున్నారా. ఆ పేజీని నేను బొటనవేలితో తిప్పేసి, సంతకం చోటు చూపించేవాణ్ని. ఇంటికి వెళ్లాక నేనే నింపేవాణ్ని. అన్నింటికీ "లేదు". ఇరవై ఏళ్లు అలాగే జరిగింది. దాన్ని తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు. మనుషుల మనసు నొప్పించకుండా పని చేసుకుపోతున్నానని అనుకున్నాను.

నా పాలసీదారుల్లో సగం మంది గోష్ఠివాళ్లే. వాళ్ల ముందు నేను ఒక్క కంపెనీ సంచి పట్టుకుని కూర్చునేవాణ్ని. కొన్నాళ్లకు అదే నన్ను తొలిచింది. ఒకాయనకు నా దగ్గరున్న పాలసీ సరిపోదని నాకు తెలుసు. పక్క కంపెనీలో ఇంకా మంచిది ఉందనీ తెలుసు. అయినా నా దగ్గర ఉన్నదే మంచిదని చెప్పాలి. భజనలో కళ్లు మూసుకున్నప్పుడు ఆ మాట గుచ్చుకునేది. ఆ రోజుల్లోనే బ్రోకరు ఆఫీసు మేనేజరు ఇంటికి వచ్చాడు. పాత ఏజెన్సీ వదులుకుంటే చాలు, నాలుగు కంపెనీల్లో ఏది మంచిదైతే అది అమ్ముకోవచ్చు అన్నాడు. మొదటి ఏడాది కమీషను కూడా ఎక్కువన్నాడు. నా మనసు మారడానికి మొదటి కారణం ఎంత నిజమో రెండోదీ అంతే నిజం.

బావను అడిగాను. పొలసరలో కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నాను. ఆయన కందిపప్పు తూస్తున్నాడు.

"ఒక్క సామినే కొలిసినోడివి, ఇప్పుడు నలుగురిని కొలుత్తావేటి?" అన్నాడు ముందు.

లోపలి నుంచి అక్క అందుకుంది. "ఈయన కొట్టులో ఒక్క కంపినీ సబ్బే ఉందా ఏటి? తొమ్మిది రకాలెట్టి, ఏది కావాలంటే అది ఇత్తాడు. నీకు మాత్రం ఒక్కటేనా తమ్ముడూ?"

బావ త్రాసు దించాడు. "అదీ నిజమే. నివ్వు నాకు మంచిదేదో అదే సెప్పాలనుకుంటే, నీ సంచిలో అన్నీ ఉండాల కదా." పప్పు పొట్లం కట్టేసి మళ్లీ అన్నాడు. "ఎల్లు. నీ తోటి మొదట నానే వొత్తాను. నా పాలసీ మార్చీ."

అలా నేను స్వతంత్రుణ్నయ్యాను. మొదటి కాగితం బావదే.

ఆయన పాత పాలసీ పదకొండేళ్లుగా నడుస్తోంది. కొత్త కంపెనీలో దాదాపు అంతే వాయిదాకు రెట్టింపు బీమా వస్తుంది. నేను చెప్పినదంతా నిజమే. చెప్పనిది ఒకటుంది. పాలసీ మూడేళ్లు నడిచాక దరఖాస్తులో తప్పు ఉందని కంపెనీ దాన్ని కాదనడానికి వీల్లేదు. పాతది ఆ గట్టు ఎప్పుడో దాటేసింది. దాన్ని మూసేసి కొత్తది తీసుకుంటే ఆ మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. ఆ మాట చెప్పాలంటే, "బావా, మూడేళ్లలోపు నువ్వు పోతే" అనాలి. ఆ పేజీ నింపాలంటే, "నీకు షుగరు ఉంది కదా" అనాలి.

ఏకాదశి పొద్దుట వాళ్లింటి పటం ముందు కూర్చున్నాం. అక్క పసుపు గిన్నె తెచ్చింది. మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ కాగితం మూలలకు శ్రద్ధగా పసుపు రాస్తోంది. నేను బొటనవేలితో ఆ పేజీ తిప్పేశాను. బావ నా వేలి వైపు చూశాడు. ఆయనకూ తెలుసేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. తమ్ముడు చూసుకుంటాడులే అనుకుని ఉంటాడు.

"సంతకం ఇక్కడేనా?" అన్నాడు.

"ఇక్కడే బావా."

ఏడాదిన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం కొట్టులో బియ్యం కొలుస్తూ కొలుస్తూ కూలబడిపోయాడు. ఆసుపత్రికి తీసుకువెళ్లేలోపే పోయాడు. ఆ తర్వాతి ఏకాదశికి గోష్ఠిలో మద్దెల చోటు ఖాళీగా ఉంది. ఎవరినీ కూర్చోమని ఎవరూ అనలేదు. నేను ఒక్కణ్నే తాళం వేశాను. నాలుగు సార్లు తప్పింది.

అక్కకు ఉన్న ఆశ ఒక్కటే. కొట్టు మూయకూడదు. బీమా డబ్బు వస్తే సరుకు వేసుకుని తనే నడుపుకుంటానంది. రాకపోతే పాత్రపూర్‌లో సొంత తమ్ముడింటికి వెళ్లి ఉండాలి. అక్కడ మరదలు ఉంది, మరదలి తల్లి ఉంది.

కంపెనీ వాళ్లు విచారణకు మనిషిని పంపారు. అతను బరంపురంలో మందుల షాపు దగ్గర, డాక్టరు దగ్గర కాగితాలన్నీ తీశాడు. తర్వాత ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. అక్క దాన్ని పసుపు గుడ్డలో చుట్టి మా ఇంటికి తెచ్చింది. చదివి చెప్పమంది. పాలసీదారు జబ్బు దాచి మోసం చేశాడు కాబట్టి ఏమీ చెల్లించం అని ఉంది అందులో. మోసం అనే మాటను తెలుగులో పైకి అనడానికి నాకు చాలాసేపు పట్టింది.

అక్క ఏడవలేదు. "ఈయన మోసం సేసినాడా?" అంది. "కొట్టులో రాయి తక్కువ తూకం ఉందని పారేసినోడు. ఆ కాగితంలో ఏటడిగినారు తమ్ముడూ?"

"షుగరు ఉందా అని."

"ఆయన లేదన్నాడా?"

నేను ఉత్తరం మడిచి ఆవిడకు ఇచ్చేశాను.

"నివ్వు అడిగినావా?"

"లేదక్కా."

ఆవిడ ఉత్తరం మళ్లీ గుడ్డలో చుట్టుకుంది. కాఫీ తాగకుండా బస్సుకు వెళ్లిపోయింది.

బ్రోకరు ఆఫీసు మేనేజరుకు చెప్పాను. నేను అడగకుండానే నింపానని రాసిస్తే ఏమవుతుంది అన్నాను. అతను కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. "హౌ, సరే, రాయండి. రాసిన రోజే మీ లైసెన్సు పోతుంది. మీరు నింపిన మిగతా కాగితాలన్నీ తవ్వుతారు. అడిగాను, ఆయనే దాచాడు అనండి. పోయినాయన వచ్చి కాదంటాడా?"

ఆ మాట విన్నాక రెండు ఏకాదశులు గడిచిపోయాయి. ఆ రెండు ఏకాదశులే నా జీవితంలో అన్నింటికంటే సిగ్గుపడేవి. పురాణంలో యుద్ధం నడుమ ఒక రాజు సగం మాట గట్టిగా, సగం మాట మెల్లగా అన్నాడు. అంతవరకు నేలకు తగలకుండా నడిచిన ఆయన రథం ఆ క్షణం నేల మీదకు దిగింది. ఆ కథ మా గోష్ఠిలో నేనే ఎన్నోసార్లు చెప్పాను. చెప్పి మెప్పు పొందాను. రెండో ఏకాదశినాడు పొంగలి దొప్ప చేతికొచ్చింది. పక్కనుంచి ఒంపేవాళ్లు లేక అది సగమే ఉంది. తినలేకపోయాను.

మర్నాడు రాశాను. జబ్బు సంగతి నాకు తెలుసు, నేను అడగలేదు, ఆ పేజీలో ప్రతి "లేదు" నా చేతి రాత, ఆయన చేసింది సంతకం మాత్రమే అని. ఒకటి కంపెనీకి, ఒకటి ఫిర్యాదులు వినే అంబుడ్స్‌మన్‌కు పంపాను. లైసెన్సు వాళ్లు తీసేసేలోపు నేనే తిరిగి ఇచ్చేశాను. భువనేశ్వర్‌లో విచారణకు అక్కతో వెళ్లాను. నేను చెప్పింది వాళ్లు ఓపికగా విన్నారు. చివరికి మోసం అన్న మాట కొట్టేశారు. కానీ సంతకం చేసినవాడు పైన రాసినదానికి బాధ్యుడే అన్నారు. కట్టిన వాయిదాలు వెనక్కి ఇమ్మన్నారు. బీమా సొమ్ము రాలేదు.

తిరుగు బస్సులో అక్క ఒక మాట అంది. "మోసం అన్నది తీసేసినారు కదా. అది సాలు." ఆవిడకు అది చాలదని ఇద్దరికీ తెలుసు.

వెనక్కి వచ్చిన డబ్బు సరుకువాళ్ల బాకీలకే సరిపోయింది. పొలసర కొట్టును వేరేవాళ్లు తీసుకున్నారు. పాత్రపూర్ వెళ్లేముందు అక్క బరంపురం వచ్చింది. ఏకాదశి. దుప్పటిలో చుట్టిన మద్దెలను ఆయన కూర్చునే చోట పెట్టింది. భజన అయ్యేదాకా ఆడవాళ్ల వైపు కూర్చుంది. ప్రసాదం పెట్టినప్పుడు తన దొప్పతో పాటు ఇంకో దొప్ప అడిగి తీసుకుని నా దగ్గరకు వచ్చింది. రెండోది నా దొప్పలో ఒంపింది.

"ఆయన వాటా ఎప్పుడూ నివ్వే తినీవోడివి. తిను."

అందులో కోపం ఉందో, దయ ఉందో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆవిడ నిలబడి చూస్తుండగా తిన్నాను. ఆఖరి మెతుకు దాకా తిన్నాను. అంత తియ్యటిది అంత కష్టంగా ఎప్పుడూ మింగలేదు.

కొత్తగా వచ్చి అడిగేవాళ్లకు ఇది చెబుతాను. ఒక కంపెనీయా, నాలుగా అన్నది వాళ్లు తేల్చుకోవాలి. నాలుగు కంపెనీల సంచి ఉన్నా, ఆ ఒక్క పేజీ నేను తెరవలేదు. కొందరు విని వెళ్లిపోతారు. ఒకతను మాత్రం ఆ పేజీ ముందు తెరిచి గట్టిగా చదివి అడుగుతున్నానని ఈమధ్య వచ్చి చెప్పాడు. ఇంటివాళ్లు కోపపడుతున్నారట. పడనీ.

ఇది చదివిన మీరు ఏ పేరుతో స్వామిని పిలిచినా సరే, ఒక్క క్షణం నాతో చేతులు జోడించండి. స్వామీ, పాత్రపూర్‌లో ఒకరి ఇంట్లో ఒద్దికగా బతుకుతున్న ఆ తల్లికి తనదంటూ ఒక మూల ఇవ్వు. నీ దగ్గరకు వచ్చిన మా బావ చేతికి మద్దెల ఇవ్వు. మంచి గడియలో చెప్పవలసిన చేదు మాట మా నాలుక చివర ఆగిపోయినప్పుడు, దాన్ని నువ్వే బయటకు తోయి. నాతో పాటు మీరూ అనండి: ఆ దయకు జయం.