వేళ కాని వేళ కూసిన సైరన్

ఇయ్యాల మలంచా రోడ్డులో ఏదో సైరన్ ఇని నడిసేవోణ్ణి ఆగిపోయినాను. ఒరే నేస్తాలూ, సిన్నప్పుడు మన రైల్వే కోటర్లలో ఇనపడే వర్క్‌షాపు సైరన్ మీకు గుర్తుందా? ఓ మద్దేనం అది షిఫ్టు టైం కాకుండా కూసి, ఎంతకీ ఆగలేదు.

“దేవుడి కడబూర మోగిందిరా! సచ్చినోళ్ళు లేస్తారు!” అని అమ్మ ట్రంకుపెట్టెలోంచి కొత్త గౌను తీసుకుని సమాధుల తోటకి పరిగెట్టింది. రెండేళ్ళ కితం, మూడేళ్ళకే పోయిన మా సెల్లి అక్కడే ఉంది.

“సైరన్ సెడిపోయిందే, పిచ్చిదానా!” అని పక్కింటి అత్త నవ్వింది. బడి మానీసి తిరిగే నాను అమ్మ ఎనకాలే పోయినాను.

సైరన్ ఆగిపోయింది. అమ్మ సమాధి మీద సెవి పెట్టి సేనాసేపు ఇన్నాది.

“ఇంకా పడుకునే ఉందిరా” అంది. గౌను మట్టి మీద పరిసి జానలతో కొలిసింది.

“ఇప్పుడు దానికి అయిదేళ్ళు కదా. ఇది పొట్టయిపోద్ది. పెద్దది కుట్టాల.”