బోనాల డప్పు కింద

2008 జూలై 20, ఆదివారం, ఉదయం పదకొండు గంటలు. మా ఆయన పోయిన మూడో రోజు. నాచారంలో మా మేడ మీద పిట్టకు అన్నం పెట్టాం. పై గదిలో అద్దెకుండే సినిమా పిల్ల నన్నడిగి, అంతా కెమెరాతో తీసింది. స్టూడియోలో సౌండ్ పని చేసే ఆ పిల్ల ఏది వినాలన్నా కళ్లు మూసుకునేది.

ఆ రోజు జనగామ నుంచి వచ్చిన మా ఆడబిడ్డ శోకాలు పెట్టి ఏడ్చింది. తమ్ముడి చిన్నతనమంతా రాగం తీసి చెప్పింది. నాకు తెలియని సంగతులవి. నా ఏడుపులో సగమే విన్నాను.

మరుసటేడు ఆమె కూడా పోయింది. ఆ శోకం మళ్లీ విందామని పిల్ల గదికి వెళ్లాను. తెర మీద ఆమె నోరు కదులుతోంది. వినబడేవి మాత్రం బోనాల డప్పులు, ఈలలు.

"ఏందే పిల్లా ఇది? మా వదినె గొంతేది?"

"కొత్త తీరు సినిమా, పెద్దమ్మా. గొంతు తీసేసి డప్పులు పెట్టిన. జర కండ్లు మూసుకొని సూడు."

"కండ్లు మూసుకుంటే ఏం కనవడ్తదే, నీ మొకం!"

అయినా మూసుకున్నాను. దరువుకు నా కాలు కదిలింది. ఎందుకు కదిలిందో ఇప్పటికీ తెలియదు.

"సరే, అసలు గొంతు వినిపియ్యి."

"లేదు పెద్దమ్మా. బొమ్మ ఒక్కటే కంప్యూటర్ల దింపుకొని, ఆ టేపు మీద వేరేది తీసిన. ఉత్త ఏడుపే గదా అనుకున్న."

"అవి మాటలే, బిడ్డా."

పిల్ల డప్పుల చప్పుడు ఆపేసింది.

పోయినవి: ఆయన, ఆయన అక్క, ఆమె ఒక్కతే ఎరిగిన ఆయన చిన్నతనం.