బుధవారం వచ్చిన ఆయాసం

మా డాక్టర్ సాబ్ మొన్న పోయినారు. ఆదోని మార్కెట్ కాడ ఆయన దవాఖాన తలుపు మూసి ఉంటే, మా కొడుకు కనుక్కొని వచ్చి చెప్పినాడు. ఏడుపు వచ్చినంతసేపు ఏడ్చినా. ఇప్పుడు మాత్రం ఆయన గెలిచిన సంగతే చెప్తా, వినండి.

ఎవురు పోయినా సాబ్ ముందుగా రొమ్ముకు గొట్టం పెట్టరు. "ఏం పని చేస్తావు? చేతులు చూపించు" అంటారు. ఒకసారి ఎమ్మిగనూరు నుంచి మగ్గం నేసే పెద్దాయన వచ్చినాడు. ఏడాదిగా తలనొప్పి మాత్రలు మింగుతాండాడంట. సాబ్ ఆయన చేతికి సూది, దారం ఇచ్చినారు. ఆయప్ప సూదిని మూరెడు దూరం పెట్టి కండ్లు చికిలించినాడు. "తలకాయ బాగుందన్నా, కండ్లద్దాలు పెట్టించుకో పో" అని సాబ్ నవ్వి పంపినారు.

నా కత వేరే. డెబ్బైల్లో ఒక నూలు మిల్లులో, దూది ఏకే గదిలో పని చేస్తాంటి. సోమవారం వచ్చిందంటే రొమ్ము పట్టేసేది, దగ్గు, ఆయాసం. మర్నాటికి తగ్గేది. మా అత్త క్షయ అనేసింది. నేను అన్నం తినే తట్ట వేరే, చెంబు వేరే. ఏడు నెలల నా పిల్లోణ్ణి పెద్దకడుబూరులో ఆడబిడ్డ కాడికి పంపించేసింది. పాలు రొమ్ములోనే గడ్డకట్టినాయి. ఆ బాధ ముందర ఆయాసం ఎంత!

సాబ్ రెండుసార్లు కళ్లె పరీక్ష చేయించినారు. క్షయ లేదని వచ్చింది. పక్కనే నిలబడిన మా అత్త నమ్మితే కదా!

"కాగితం ఏమన్నా సెప్తాది సాబూ. ఆదివారం తలకు పోసుకుంటాది, మాంసం తింటాది, సోమవారం దగ్గుతాది. రోగం లోపల ఉండబట్టే కదా అవి పడడం లే!"

"సోమవారమేనా? బాగా ఆలోచించి చెప్పు బేటీ" అని సాబ్ నన్ను మూడుసార్లు అడిగినారు. తర్వాత మా అత్త పక్కకు తిరిగినారు.

"పెద్దమ్మా, పందెం. ఈ ఆదివారం కోడలికి తలకు పొయ్యి, మాంసం పెట్టు. సోమ, మంగళ మిల్లుకు పంపొద్దు. నీ మాట నిజమైతే సోమవారం దగ్గుతాది. నా మాట నిజమైతే, మిల్లుకు పోయిన బుధవారం దగ్గుతాది. నేను గెలిస్తే పిల్లోణ్ణి తల్లికి ఇయ్యాల."

ఆదివారం మా అత్త నా తల కసిదీరా రుద్దింది. సోమవారమంతా నా ముందరే కూర్చొని నా నోరే చూసింది. దగ్గు లే. మంగళవారమూ లే. బుధవారం మిల్లుకు పోయినా. మధ్యాన్నం దాటినాక రొమ్ము పట్టేసింది. ఆయాసం వచ్చిందని అంత సంబరపడిన మనిషిని మీరు యాడా చూసుండరు! దగ్గుకుంటా, నవ్వుకుంటా దవాఖానకు పోయినా. మా అత్త ముందే వచ్చి బెంచీ మీద కూర్చోనుంది.

సాబ్ బల్ల చరిచినారు. "చూస్తివా పెద్దమ్మా! ఇది దూది దుమ్ము. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజు పట్టుకుంటాది. ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదు."

అప్పుడే మిల్లు మేస్త్రీకి చీటీ రాసి, నన్ను నూలు కట్టలు కట్టే చోటికి మార్పించినారు. మా అత్త అట్నుంచి అటే పెద్దకడుబూరు బస్సెక్కింది. మర్నాడు పొద్దున పిల్లోణ్ణి నేరుగా దవాఖానకే తెచ్చి సాబ్ చేతికి ఇచ్చింది. "ఎత్తుకో బేటీ, నీ బిడ్డ" అని ఆయన నా ఒళ్లో పెట్టినారు. అప్పట్నుంచి మా అత్త బతికున్నన్నాళ్లు, ఎవురు దగ్గినా "ఏ వారం దగ్గుతావు?" అని అడిగేది.

నిన్న సాబ్‌ను మోసుకుంటా జనాజా మా వీధి మీదనే పోయింది. ముందర కుడిపక్క భుజం పెట్టినోడు నా కొడుకు, ఆ ఏడు నెలల పిల్లోడే. మలుపు తిరిగేదాకా గడపలో నిలబడి, ఊపిరి నిండుగా పీల్చుకుంటా చూసినా.