దీపం కింద తెల్లబడిన పళ్ళు

నా భార్య పట్నం మోజులో పడి పళ్ళు తెల్లగా చేయించుకుందని పామర్రులో వాళ్ళ పుట్టింటివారు ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. ఆ మోజు నాది.

డెబ్బైల్లో మాట. మా పెళ్ళయిన కొత్త. అత్తగారింట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక తల్లీకూతుళ్ళు అరుగు మీద కూర్చుని తాంబూలం వేసుకునేవారు. తల్లి చుట్టిన ఆకుచిలక కూతురి నోట్లోకి, కూతురు చుట్టింది తల్లి నోట్లోకి. ఎవరి చిలక వాళ్ళు చుట్టుకుని తినడం ఆ ఇంట్లో లేదు. ఎండలో వరిచేలు ఊగుతుండేవి. వాళ్ళ మాటలు నిద్రలో వినిపించినట్టు వినిపించేవి.

మేం కాపురమున్న బెజవాడలో మాత్రం నా భార్య మా ఆఫీసువాళ్ళ ముందు ఆ గారపళ్ళతో నవ్వితే నాకు సిగ్గేసేది.

దీపం పెట్టి గార పోగొడతారని విని, గవర్నర్‌పేటలో ఒక పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తెరలు దించిన గది. లవంగనూనె వాసన. ఆమె కళ్ళ మీద తడిగుడ్డ వేసి, మందులో ముంచిన దూది పళ్ళ మీద పరిచి, ఫొటో స్టూడియోలో ఉండేలాంటి పెద్ద దీపాన్ని దగ్గరికి లాగారు. వెలుగు ఆమె బుగ్గల్లోంచి ఎర్రగా ఇవతలికి వచ్చింది, పొద్దుటి సూర్యుణ్ణి నోట్లో దాచుకున్నట్టు. వీధిలో రిక్షాగంటలు ఎక్కడో నీళ్ళ అడుగున మోగుతున్నట్టున్నాయి.

"కొన్నాళ్ళు కాఫీ, ఆకు ముట్టకూడదమ్మా" అన్నారు డాక్టరు.

"ఇంక జన్మలో ముట్టదు లెండి" అన్నాను నేను.

ఆ వారమే అత్తగారు తడిగుడ్డలో తమలపాకులు చుట్టుకుని వచ్చారు. చిలక చుట్టి కూతురి నోటి దగ్గర పెట్టారు. ఆమె నావైపు చూసింది. నేను పేపరు తిప్పాను.

"వద్దమ్మా."

"నా చేత్తో ఇచ్చింది కూడానా? అవున్లే, పట్నం పళ్ళాయె, మా ఆకు తగిలితే మాసిపోవూ! అల్లుడుగారూ, మీరైనా చెప్పండి."

"దాని ఇష్టమండీ" అన్నాను.

తను చుట్టిన చిలకను అత్తగారు తన నోట్లోనే పెట్టుకున్నారు. మళ్ళీ ఎప్పుడూ కూతురికి ఇవ్వలేదు.

ఆ తెలుపు ఎన్నాళ్ళో నిలవలేదు. కాఫీకే పళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. అరుగు మీద మాటలు మాత్రం తిరిగి రాలేదు.

రేపు పామర్రు వెళ్తున్నాం. అత్తగారికి ముందు ఈ సంగతి చెప్పి, ఆ తర్వాతే ఆకులు చేతికివ్వాలని కొని తెచ్చాను.

"ఇన్నాళ్ళకి ఇప్పుడెందుకండీ" అంది నా భార్య. లోపలికి వెళ్ళి, ఆకులు చుట్టడానికి గుడ్డ తడిపి తెచ్చింది.