సైకిలుకి ఎదురు

"రేపొక్కరోజు ఎదురు రాకండి ఆంటీ."

"వస్తాను."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆ తర్వాత ఆ సైకిలబ్బాయీ నేనూ ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. అబ్బాయి అంటున్నాను గానీ నలభైకి దగ్గర పడ్డవాడే. హెల్మెట్ తీస్తే చెవుల పక్కన నెరుపు కనిపించేది. పేరు నేనడగలేదు, అతను చెప్పలేదు.

ఇది మా అమ్మాయి రాస్తోంది. నాకు తెలుగు కూడబలుక్కుని చదవడం వచ్చు, రాయడం రాదు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. ఇందులో దానికి తెలియనివి కొన్ని ఉన్నాయి. అవి వచ్చినప్పుడు కలం ఆపకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాను.

అది రెండువేల తొమ్మిది. మా ఆయన పోయిన మూడో ఏడు. ఆరు నెలలుందామని అమెరికాలో, ఫ్రీమాంట్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వచ్చాను. ఇంటి నుంచి రెండు వీధులు దాటితే ఒక వాగు, వాగు గట్టునే నున్నటి దారి. దాన్ని ట్రెయిల్ అంటారు. దాని మీదికి కార్లు రావు. నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, కుక్కల్ని తిప్పేవాళ్ళు, పొద్దున పూట ఆఫీసులకు పోయే సైకిళ్ళు, అంతే.

నేను నడకకు వెళ్ళిన మొదటి రోజే ఒక ముసలి తెల్లాయన కుక్కతో ఎదురొచ్చాడు. నా ముఖంలోకి చూసి "గుడ్ మార్నింగ్" అన్నాడు. ఎవరితో అన్నాడా అని వెనక్కి తిరిగి చూశాను. వెనక ఎవరూ లేరు. ఇంకో వంద అడుగులు వేశాక ఇంకొకావిడ, పరిగెత్తుతూనే చెయ్యి ఊపింది. ఆ రోజు ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను, ముఖాన ఏమైనా అంటుకుందా అని.

ఎందుకంత వింత అంటే చెప్తాను. మా ఆయన తాలూకాఫీసులో బంట్రోతు. ముప్ఫై ఏళ్ళూ సైకిలు మీదే తిరిగాడు. ముఖ్యమైన పని ఉన్న రోజు సైకిలు వాకిట్లో నిలబెట్టి, "ఏమేవ్, కొళాయి దాకా వెళ్ళి ఎదురు రావే" అనేవాడు. నేను చేతిలో పని వదిలేసి, బిందె నింపుకుని, వీధి చివరి నుంచి ఎదురొచ్చేదాన్ని. ముత్తైదువ నిండు బిందెతో ఎదురైతే పని అవుతుందని ఆయన నమ్మకం. ఒక్కోసారి అయ్యేది, ఒక్కోసారి కాదు. కాని రోజున "నువ్వు మరీ తొందరగా నడిచావు" అనేవాడు.

ఆయన పోయాక అదే ముఖం, అదే నడక, ఎదురుకు పనికిరాకుండా పోయాయి. నన్నెవరూ దాక్కోమనలేదు. మా తమ్ముడు ఊరికి బయల్దేరుతుంటే నేనే వంటింట్లోకి తప్పుకునేదాన్ని. అతని చెప్పుల చప్పుడు వీధిలోకి వెళ్ళాక బయటికి వచ్చేదాన్ని. అలా రెండేళ్ళు అలవాటు పడ్డాను. అందుకే ఈ దారి మీద పొద్దున ఎనిమిదింటి నడక నాకు అన్నం కంటే ఎక్కువైంది. ఎంతమందికి ఎదురు వెళ్ళినా ఎవరి పనీ చెడిపోదు. కావాలని దారి మధ్యలోనే నడిచేదాన్ని. అది తప్పని అమ్మాయి తర్వాత చెప్పింది. కుడి పక్కగా నడవాలట.

మూడో వారంలో కనిపించాడు ఈ సైకిలబ్బాయి. రైలు స్టేషను వైపు వెళ్తున్నాడు. నన్ను చూడగానే ఇరవై అడుగుల దూరంలో బ్రేకు వేసి, ఒక కాలు కింద పెట్టి, సీసా తీసి నాలుగు గుక్కలు తాగాడు. కళ్ళు మూసుకుని ఏదో గొణిగాడు. నేను దాటాక బయల్దేరాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. తెల్లవాళ్ళు అలసిపోయి ఆగుతారు గానీ మనిషిని చూసి ఆగరు. వీడు మనవాడే అనుకున్నాను.

నాలుగో రోజు చెవిలో ఫోను తీగ పెట్టుకుని మాట్లాడుతున్నాడు.

"అమ్మా, మళ్ళీ వచ్చిందావిడ. ఆ, బోసి నుదురే. తాగానమ్మా, నీళ్ళు తాగాను."

నేను ఆగాను. నా గొంతు అసలే బొంగురు. "మళ్ళీ కాదు నాయనా, రోజూ వస్తాను. మీ అమ్మకు చెప్పు."

సైకిలు చేతిలోంచి జారినంత పనైంది. "సారీ ఆంటీ. నార్త్ ఇండియన్ అనుకున్నా."

"నార్తువాళ్ళకైతే దోషం ఎక్కువా, తక్కువా?"

తొక్కుకుంటూ పోయాడు. నాకు కోపం రావాల్సింది. రాలేదు. చిన్నప్పుడు పక్కింటివాళ్ళ కోడిపుంజును రెచ్చగొట్టబోయే ముందు పొట్టలో ఒక చక్కిలిగింత పుట్టేది. అదే పుట్టింది.

మర్నాడు ఒక సీసా పట్టుకెళ్ళాను. అమ్మాయ్, నీ నీలం మూత సీసా కనపడటం లేదని ఇల్లంతా వెతికావే, అది నా దగ్గరే ఉంది. నవ్వకు, రాయి. అతను దూరాన కనపడగానే, అతనికంటే ముందు నేను ఆగి, బెంచీ మీద కూర్చుని, సీసా తీసి నాలుగు గుక్కలు తాగి, కళ్ళు మూసుకుని పెదాలు కదిపాను. ఒక కన్ను తెరిచి చూస్తే ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఏంటాంటీ, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. నువ్వెదురొచ్చావుగా, అందుకని."

"నేనొస్తే ఏమవుతుంది?"

"మొన్న నువ్వొచ్చిన రోజు పప్పు మాడింది. నిన్న మోకాలు పట్టేసింది. నువ్వేం మనసులో పెట్టుకోకు బాబూ. నీ తప్పేముంది, ముఖం అలాంటిది."

అతను హెల్మెట్ సర్దుకున్నాడు. ముఖం తడుముకున్నాడు కూడా.

ఆ మర్నాడు ఇద్దరం ఒకేసారి ఆగాం. అతను నేను దాటాలని, నేను అతను దాటాలని. అతను తాగాడు, నేను తాగాను. మళ్ళీ అతను తాగాడు. కుక్క పెద్దాయన మధ్యలోంచి వెళ్తూ ఇటూ అటూ చూసి, కుక్కకు నీళ్ళు కావాలేమోనని తన సీసా తీసి పట్టించాడు. ముగ్గురం తాగుతూ నిలబడ్డాం, కుక్కతో కలిపి. ఇంతలో వాగు అవతల రైలు పోతున్న చప్పుడు వినిపించింది.

"పోయింది," అన్నాడు.

"ఏం పోయింది?"

"ట్రైన్ ఆంటీ. తొమ్మిదింటికి మీటింగుంది."

"చూశావా. నీళ్ళు తాగినా లాభం లేదు."

రెండు రోజుల తర్వాత అతనే సైకిలు దిగి, హెల్మెట్ చేత్తో పట్టుకుని, పెళ్ళి సంబంధం మాట్లాడ్డానికి వచ్చినవాడిలా దగ్గరికొచ్చాడు.

"ఆంటీ, అమ్మతో డిస్కస్ చేశాను. వెనకనుంచి వస్తే ఏం కాదంట. మీరు అటునుంచి ఇటు నడవండి. నేను వెనకనుంచి వెళ్ళిపోతా. ప్రాబ్లమ్ సాల్వ్ అయిపోతుంది."

"మీ నాన్నగారున్నారా?"

"లేరాంటీ. ఆరేళ్ళయింది."

"మరి మీ అమ్మ ఎదురొస్తే?"

"అమ్మకి వర్తించదంట. సొంత తల్లికి దోషం లేదంట."

"ఎవరు చెప్పారు?"

కాసేపు ఆలోచించాడు. "అమ్మే."

నాకు నవ్వు ఆగలేదు. అతనికీ వచ్చింది, మింగేశాడు.

"అటునుంచి నడిస్తే ఎండ ముఖాన కొడుతుంది బాబూ. నావల్ల కాదు," అని నా దారిన నేను పోయాను.

ఇదంతా ఇంట్లో చెప్పాను, నవ్విద్దామని. మా అమ్మాయి నవ్వలేదు. "ఎందుకమ్మా ఈ గొడవ? పదింటికి వెళ్ళు. అప్పటికి ఆఫీసులవాళ్ళందరూ వెళ్ళిపోతారు. ఎవరూ ఉండరు, హాయిగా నడవచ్చు," అంది. మంచికే చెప్పింది. కానీ చెవిలో మా తమ్ముడి చెప్పుల చప్పుడు వినిపించింది. పదింటికి వెళ్ళడమంటే మళ్ళీ వంటింట్లోకి తప్పుకోవడమే. ఈసారి వంటిల్లు కాస్త పెద్దది, అంతే.

ఎనిమిదింటికే వెళ్తూ వచ్చాను. అతను ఆగుతూ వచ్చాడు. రైలు తప్పిపోకుండా రెండే గుక్కలు తాగడం నేర్చుకున్నాడు. అలా నెల గడిచాక ఒక పొద్దున నా దగ్గరికొచ్చి ఆగాడు. ముఖం పీక్కుపోయి ఉంది. గడ్డం గీసుకోలేదు.

"ఆంటీ, మా ఆఫీసులో సగం మందిని తీసేశారు. ఆ సగంలో నేనూ ఉన్నా. రేపు ఇంకో చోట ఇంటర్వ్యూ. అది రాకపోతే వీసా ఉండదు. పాపని స్కూలు మాన్పించి అందరం వెళ్ళిపోవాలి."

నేను సీసా తీయలేదు.

"రేపొక్కరోజు ఎదురు రాకండి ఆంటీ."

"వస్తాను," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. అతను నన్ను చూసిన చూపు మాత్రం తెలుసు. సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి చెప్తే అమ్మాయి పొయ్యి కట్టేసి మరీ నిలబడింది. "ఒక్కరోజమ్మా. ఒక్కరోజు మానేస్తే నీ సొమ్మేం పోయింది? వాళ్ళ కాపురం ఉంది ఇందులో."

"తెలుసు," అన్నాను.

తెలియక కాదు. మధ్యాహ్నమంతా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అదే ఆలోచించాను. నేను వెళ్ళకుండా అతనికి ఉద్యోగం వస్తే, నేను రానందువల్ల వచ్చినట్టు. వెళ్ళాక ఉద్యోగం రాకపోతే, నేను వచ్చినందువల్ల పోయినట్టు. ఎటు తిప్పినా నా నెత్తినే. కానీ వెళ్ళకపోతే, నా ముఖానికి అంత శక్తి ఉందని నా అంతట నేను ఒప్పుకున్నట్టు. ఒకసారి ఎవరూ అడక్కుండానే ఒప్పుకున్నాను. రెండోసారి అడిగినా ఒప్పుకోదలుచుకోలేదు. అతని పాప గుర్తొచ్చినప్పుడల్లా మాత్రం కాయలు చేతిలోనే ఆగిపోయేవి.

ఇక ఇది నీకు తెలియదు. ఆ మర్నాడు పదింటికి వెళ్తానని నీకు మాటిచ్చాను. నువ్వు స్నానానికి వెళ్ళగానే బూట్లు చేత్తో పట్టుకుని బయటికొచ్చి, గ్యారేజీ పక్కన కూర్చుని తొడుక్కున్నాను. ఒట్టేశావు, రాయి.

ఎప్పుడూ కలిసే చోటే కనిపించాడు. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు కొస మేజోడులోకి దోపి, చెవిలో ఫోను లేదు. నన్ను చూశాడు. తొక్కడం ఆపాడు, సైకిలు దానంతటది వస్తోంది. అబద్ధమెందుకు, నా నడక నెమ్మదించింది. పక్కకు తిరిగి వాగు చూస్తున్నట్టు నిలబడితే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. తిరగలేదు. సూటిగా అతని ముఖంలోకి చూస్తూ నడిచాను. అతను నీళ్ళ సీసా మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. ఆగకుండా నా పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఆ గాలికి నా కొంగు లేచింది.

ఆ తర్వాత వారం కనపడలేదు. రెండు వారాలు. మూడు. దూరాన ప్రతి హెల్మెట్టూ అతనే అనిపించేది, దగ్గరికొస్తే కాదు. కుక్క పెద్దాయన అతను నిలబడే చోటు చూపించి ఏదో అడిగాడు. చేతులు తిప్పి తెలియదన్నాను. ఎవరికీ చెప్పకుండా రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాను. శకునాల్లేవు అన్నదానివి దండమెందుకు పెట్టుకున్నావని అడగకు. ఒకటి రెండుసార్లు పదింటికి వెళ్దామా అని కూడా అనుకున్నాను. వెళ్ళలేదు. బూట్లు మాత్రం నెమ్మదిగా తొడుక్కునేదాన్ని.

నాలుగో వారం వెనక నుంచి సైకిలు వస్తున్న చప్పుడైంది. తప్పుకున్నాను. నన్ను దాటి వెళ్ళింది అతనే. మెడలో కొత్త ఆఫీసు బిళ్ళ వేలాడుతోంది. పాత బిళ్ళ రంగు కాదు. స్టేషను వైపు కాదు, ఇప్పుడు అవతలి దిక్కుకు వెళ్తున్నాడు. అంటే ఉద్యోగం వచ్చింది. అక్కడే బెంచీ మీద కూలబడదామనుకున్నాను గానీ పరువు పోతుందని నిలబడ్డాను. ఇక రోజూ వెనక నుంచే వస్తాడు, వాళ్ళమ్మ చెప్పినట్టే, ఎవరికీ ఏ దోషమూ లేకుండా.

యాభై అడుగులు పోయాక ఆగాడు. కాలు కింద పెట్టి సైకిలు తిప్పాడు. తిరిగి నాకు ఎదురొచ్చాడు, సూటిగా, ముఖంలోకి చూస్తూ. నన్ను దాటి, మళ్ళీ తిప్పి, మళ్ళీ దాటి, తన ఆఫీసు దారిన తాను వెళ్ళాడు. ఒక్క మాటనలేదు. నేనూ అనలేదు.

మర్నాడూ అంతే. నేను ఉన్నన్నాళ్ళూ అంతే. మొన్నటిదాకా నన్ను చూస్తే పని చెడేది, ఇప్పుడు నన్ను చూస్తేనే అవుతుందట. ఇదీ ఆ పిచ్చే, చొక్కా తిరగేసి తొడుక్కుంది. ఆపి చెప్దామనుకున్నాను. చెప్పలేదు. బాగుంది మరి. పైగా కొన్ని రోజులు, అతను తిరిగొచ్చే సమయానికి నేను కావాలని వాగు వైపు ముఖం తిప్పి నిలబడేదాన్ని. పాపం ఇంకో చుట్టు తిరిగేవాడు. ఒకరోజు మూడు చుట్లు తిప్పాను. ఆఫీసుకు ఆలస్యమయ్యే ఉంటుంది.

ఇంతే. ఏదీ, రాసింది మొదటినుంచి నాకొకసారి చదివి వినిపించు. నెమ్మదిగా చదువు. పదింటికి వెళ్ళమన్న చోట గొంతు తగ్గించకు.