ప్రేమానందం మేస్త్రీ తడిపిన సిమెంటు ఇటుకలు

ఉదయగిరిలో ప్రేమానందం మేస్త్రీ చేతి పని చూపించమంటే ఎటు వేలు చూపినా సరిపోతుంది. మిషను కాంపౌండులో ఆడపిల్లల హాస్టలు ఆయనదే. చర్చి గంటస్తంభం ఆయనదే. నబీ రసూల్ సాయిబు మిద్దె, కొండ కింద దిగుడుబావి మెట్లు, మర్రిపాడు రోడ్డులో కల్వర్టులు, అన్నీ ఆ తాపీ కిందనే లేచినవి. నాలుగో తరగతితో బడి మానేసిన మనిషి సంపాదించుకున్న పేరది.

"నా గోడ నెర్రిచ్చిందని చెప్పే మగోడు ఈ తాలూకాలో పుట్టలేదబ్బయా" అనేవాడు. నిజమే, ఎవరూ పుట్టలేదు.

అటువంటి మనిషికి తొంభై ఆరులో ఆత్మకూరు నుంచి పిలుపొచ్చింది. నబీ రసూల్ కొడుకు యూనుస్ అక్కడ సిమెంటు ఇటుకల ఫ్యాక్టరీ పెట్టి, మేస్త్రీలందరినీ కల్యాణమండపంలో బిర్యానీకి పిలిచాడు. వచ్చిన ప్రతి తలకూ ఫ్యాక్టరీ పేరు అచ్చేసిన టోపీ.

బల్ల మీద పెట్టిన ఇటుకను ప్రేమానందం వేలితో కొట్టి చూశాడు. ఖంగుమనలేదు. బూడిదరంగు, నడుమ రెండు బొక్కలు.

"ఇదేందిరా యూనుసూ, చచ్చినోడి మొగం మాదిరి ఉండాది?"

"కొత్త రకం మామా. గోడ బిర్రున లేస్తాది. గిరాకీ బ్రహ్మాండం. కూర్చో, దీన్ని ఎట్టా కట్టాలో సిమెంటు కంపెనీ ఆయన చెప్తాడు."

"నాకా? గోడ కట్టేది నాకు చెప్తాడా?"

టోపీని కుర్చీలో పారేసి, మెతుకు ముట్టకుండా బస్సెక్కాడు. టోపీలు పెట్టుకుని చప్పట్లు కొడుతున్న తోటి మేస్త్రీలను తలుచుకుంటే మర్రిపాడు దాటినా రోత తగ్గలేదు.

వేసవి మొదట్లో రెబెకమ్మ టీచరు ఇల్లు మొదలుపెట్టింది. ఆయన పిల్లలకు అక్షరాలు దిద్దించిన తల్లి. రిటైరై, ఉన్నదంతా ఆ ఇంటి మీదే పోసింది.

"యూనుస్ దగ్గర ఇటికలు తెప్పించినాను ప్రేమానందం. కట్టేది మాత్రం నువ్వే. కాదనబాక."

కాదనలేకపోయాడు. లారీ దిగిన ఇటుకలను, తన గురువు నేర్పినట్టే, తొట్టినిండా నీళ్లు పట్టి ముంచాడు. మట్టి ఇటుకకు ముందు దాహం తీర్చాలి, లేకుంటే అది సిమెంటు మాలులో నీరు పీల్చేసి గోడను పిండి చేస్తుంది. అది ఆయన బతుకంతా పాటించిన ధర్మం.

గోడలు లేచాయి. స్లాబు వేయకముందే కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా నెర్రె పాకింది.

"నేను చెప్పలా! ఇది ఇటికా? పిడక నయం!" అని, పగిలిన పెళ్లను సంచిలో వేసుకుని ఆత్మకూరు వెళ్లాడు. ఫ్యాక్టరీ ముందు లోడు కోసం నిలబడ్డ మేస్త్రీల మధ్య యూనుస్ కాళ్ల ముందు గిరాటేశాడు.

"నా పేరు బజారున పడేసినావు గదరా!"

యూనుస్ పెళ్లను చేతిలోకి తీసుకున్నాడు. "మామా, కట్టే ముందు తడిపినావా?"

"తడపకుండా కట్టేదానికి నేనేమన్నా నిన్న తాపీ పట్టినానా?"

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన దగ్గరే పని నేర్చిన గోపాలయ్య గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, దీన్ని పొడిగానే కట్టాలంట. తడిపితే ఉబ్బుతాది, గోడలో ఆరేటప్పుడు కుంచించుకొని నెర్రిస్తాది. ఆ పొద్దు మీటింగులో చెప్పినారు. నువ్వు లేచిపోయినావు."

"టోపీ పెట్టుకోకుంటే పోయె, చెవన్నా పెట్టుంటే సరిపోయేది" అన్నాడు వెనక నుంచి ఎవడో. నవ్వులు.

మేస్త్రీ వెనక్కి తిరిగి బస్టాండు దారి పట్టాడు. బస్సులో ఒళ్లో పెట్టుకున్న తన చేతులే తనకు అసహ్యంగా కనిపించాయి.

మర్నాడు గునపం పట్టుకొచ్చాడు.

"పైన పూత వేస్తే కనపడదు గదయ్యా?" అంది రెబెకమ్మ.

"నాకు కనపడతాది టీచరమ్మా."

తన గోడను తానే కూల్చాడు. కొత్త ఇటుకలు వచ్చాయి. వాటి మీద టార్పాలిన్ కప్పి, పొడి ఇటుక మీద మాలు పరిచి పొడి ఇటుక పేర్చాడు. పాత అలవాటుకు చెయ్యి పక్కకు పోయింది. తొట్టి లేదు. ఆ బూడిద మొహం చూసి నోటినిండా ఉమ్ము ఊరింది. ఉమ్మబోయి ఆగాడు. పరంజా దిగి, కంచె దాకా నడిచి, ఇటుకల మీద తుంపర కూడా పడకుండా అవతలికి ఉమ్మి వచ్చి, మళ్లీ తాపీ పట్టాడు.