అస్మిత టీచరుకు బస్సు డ్యూటీ

2022 జూన్ రెండో వారంలో నాకొక పని అప్పగించారు. అప్పటికి నేను ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసి, ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఉన్న ఒక ప్రైవేటు పాఠశాలలో అకడమిక్ కోఆర్డినేటర్‌గా చేరి నాలుగేళ్లయింది. పేరు ఘనంగానే ఉంటుంది. చేసేదేమంటే టైమ్‌టేబుల్ వేయడం, సెలవు పెట్టినవాళ్ల పీరియడ్లు మిగతావాళ్లకు సర్దడం, సర్దినందుకు వాళ్లు గొణిగితే విననట్టు ఉండడం. మూడోదాంట్లో నాకు మంచి అనుభవం వచ్చింది.

అప్పగించిన పని, కొత్త ఇంగ్లీషు టీచరు అస్మితను ఊళ్లో కుదురుకునేలా చేయడం. ఆమెది నేపాల్ తూర్పు కొండల్లోని ఇలాం. ఏజెంటు ద్వారా వచ్చింది. ఇరవై ఏడేళ్లుంటాయి. నేపాలీలు మన దేశంలో పని చేయడానికి వీసా అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు. అందుకని కాగితాల పని ఒక పూటలో తేలిపోయింది. అసలు చిక్కు వేరే ఉంది. అంతకుముందు ఏడాది మాకు ఇద్దరు ఇంగ్లీషు టీచర్లు మధ్యలో వెళ్లిపోయారు. ఒక్కో టీచరు రాగానే మొదటి పాఠం నుంచి మళ్లీ మొదలు. ఆ పిల్లలే ఇప్పుడు పదో తరగతికొచ్చారు. స్కూలు యజమానిని మేం కరస్పాండెంటు అంటాం. ఆయన నన్ను గదిలోకి పిలిచి, "ఈయమ్మ గూడా పోతే ఆ పిల్లోళ్లకు మనం మొగం సూపీలేం సార్. ఏం చేస్తారో ఏమో, నిలబెట్టండి" అన్నాడు.

నిలబెడతానని మాటిచ్చాను. మర్యాద చేయడం మాకు ఒకరు నేర్పాలా? ప్రొద్దుటూర్లో తెలిసినవాళ్ల మేడమీద గది చూశాను. స్టాఫ్ రూములో అందరికీ పొడవాటి బల్ల ఉంటే, ఆమెకు కూలరు పక్కన విడిగా బల్ల, కుర్చీ వేయించాను. అన్నిటికన్నా పెద్ద ఘనకార్యం డ్యూటీల విషయంలో చేశాను. బడిలో పాఠం చెప్పడం సగం ఉద్యోగమే. మిగతా సగం బస్సు డ్యూటీ, భోజనాల దగ్గర డ్యూటీ, సాయంత్రం స్టడీ అవర్, ఎవరైనా రాకపోతే వాళ్ల క్లాసుకు పోయే సబ్‌స్టిట్యూషన్. వీటన్నిటి నుంచీ ఆమెకు మినహాయింపు ఇచ్చి, విదేశం నుంచి వచ్చిన టీచరుకు ఏ ఇబ్బందీ కలగకూడదని సర్క్యులర్ రాసి అందరి చేతా సంతకాలు పెట్టించాను.

ఊరు నన్ను మించిపోయింది. ఇంటి యజమానురాలు ఆమెకు కారం తగ్గించి ప్రత్యేకంగా వండి పైకి పంపేది. కూరగాయలకు పోతే అంగడామె స్టూలు వేసి కూర్చోబెట్టి, ఏ దేశం, పెండ్లయిందా, జీతమెంత అని వరసగా అడిగి, కొసరుగా కొత్తిమీర వేసేది. పులివెందుల నుంచి హాస్టల్ పిల్లను చూడడానికి వచ్చిన ఒక తండ్రి ఆమెకోసమని గంపెడు చీనీకాయలు, అదే బత్తాయిలు, దించిపోయాడు. ఒక ఆదివారం మా ఇంటిల్లిపాదీ ఆమెను గండికోటకు తీసుకుపోయాం. కారులో ముందు సీటు ఆమెకే. కోటలో ఆమె చేతిసంచి కూడా ఆమెను మోయనివ్వలేదు. పెన్న లోయ అంచున మా ఆవిడ పులిహోర గిన్నె విప్పి, ముందు ఆమెకు పెట్టి, ఆమె తినేదాకా మేమంతా చుట్టూ నిలబడి చూశాం.

పాఠం మాత్రం చక్కగా చెప్పేది. గైడు ముట్టనిచ్చేది కాదు. ఇంటి నుంచి బడికి వచ్చే దారిని ఇంగ్లీషులో చెప్పమని ఒక్కొక్కరినీ లేపేది. వీరపునాయునిపల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒక పిల్ల, అంతకుముందు ఏడాదంతా నోరు తెరవనిది, వాళ్ల గొర్రెల మందతో సహా దారంతా చెప్పింది. నేను కిటికీ బయట నిలబడి విని, ఈసారి గట్టెక్కామని సంబరపడ్డాను.

జూలై ఆఖరి సోమవారం అస్మిత నా బల్ల మీద రాజీనామా పెట్టింది.

మా దగ్గర మొదటి మూడు నెలలు ప్రొబేషన్. ఆ లోపు ఎవరైనా ఒక నెల నోటీసిచ్చి వెళ్లిపోవచ్చు. ఉత్తరం ముందు నా దగ్గరికి వస్తుంది, శనివారం లోపు నా అభిప్రాయం రాసి కరస్పాండెంటుకు పంపాలి. కారణమేమిటని అడిగితే సొంత కారణాలంది. ఇంటి దగ్గర ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అంటే లేదంది. వెళ్తే అక్కడ వేరే ఉద్యోగం ఉందా అంటే అదీ లేదంది. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి. నాకు తోచింది ఒక్కటే, మా ఎండ. మంగళవారం పొద్దున్నే ఆమె గదికి రెండో కూలరు పంపించాను. రోగం ఒకటైతే మందు ఇంకొకటి వేయడంలో నన్ను మించినవాడు లేడు.

స్టాఫ్ రూములో ఎవరైనా నచ్చజెబుతారేమోనని లెక్కల సారు ఓబులేసును కదిపాను. అతను నా దగ్గర దాపరికం లేకుండా మాట్లాడే మనిషి. "ఏంది సార్ నచ్చజెప్పేది? ఆయమ్మకు డ్యూటీల్యాకపాయె. ఆ డ్యూటీలన్నీ మా నెత్తినబడె. ఆయమ్మ యాడనో కూలరుకాడ కూసోని ఉంటాది, మేం ఈడ కూసోని సన్నగా తిట్టుకుంటాంటాం. ఇంగ యేం మాట్లాడుకుంటాం చెప్పండి?" అన్నాడు. అంతటితో ఆగక, "మీ సర్క్యులర్ మహిమ సార్ ఇది" అని కూడా అన్నాడు. నాకు కోపం వచ్చింది. నిజం చెప్పినవాడి మీద వచ్చే కోపం అది.

బుధవారం విషజ్వరాలతో నలుగురు టీచర్లు రాలేదు. జమ్మలమడుగు బస్సుకు మనిషి లేడు. బస్సు డ్యూటీ అంటే ఊరికే కూర్చుని రావడం కాదు. ప్రతి స్టాపులో దిగే పిల్లల పేర్లు షీటులో కొట్టేయాలి, చిన్నపిల్లలను ఇంటివాళ్ల చేతికే అప్పగించాలి, చివరికి సీట్ల కింద కూడా వెతికి ఎవరూ మిగల్లేదని సంతకం చేయాలి. రిజిస్టరు అటు తిప్పి ఇటు తిప్పి చూసినా అస్మిత తప్ప ఖాళీ లేదు. పోయే మనిషి చేత పని చేయించడమేమిటని నాకే నామోషీ అనిపించి, జమ్మలమడుగులో నాకూ పని ఉందని అబద్ధమాడి అదే బస్సెక్కాను.

ఆ బస్సులో ఆయా నూర్జహాన్. జమ్మలమడుగు మనిషి. భర్త కువైట్‌లో డ్రైవరు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలను, బస్సులో నలభై మందిని ఒకే గొంతుతో అదుపులో పెట్టేది. చదువు తక్కువ కాబట్టి నా సర్క్యులర్ ఆమెదాకా పోలేదు. అది నా అదృష్టం.

మొదటి స్టాపులో నూర్జహాన్ కిందికి దిగి చేతులు చాచింది. అస్మిత షీటు పట్టుకుని మెట్టు మీదే నిలబడిపోయింది. నిద్రపోతున్న ఒక ఎల్‌కేజీ పిల్ల సీటు మీంచి జారుతోంది. నూర్జహాన్ ఉర్దూలో గట్టిగా కేకేసింది. హిందీ వచ్చిన అస్మితకు అది బాగానే అర్థమైంది. మన మాటల్లో చెప్పాలంటే, "ఏందమ్మా బొమ్మ మాదిరి నిలబడుకోండావు? బిడ్డ పడిపోతాంది, సంకనేసుకో! కాగితం మల్లా రాసుకుందువులే!" అని.

రాజీనామా ఇచ్చిన మనిషిని ఆయా తిట్టడమంటే గోరుచుట్టు మీద రోకలిపోటు. లేచి నూర్జహాన్‌ను మందలించబోయాను. అస్మిత అప్పటికే పిల్లను చంకనేసుకుని, షీటు నోట కరుచుకుని మెట్లు దిగుతోంది. మూడో స్టాపుకల్లా ఇద్దరూ పని పంచుకున్నారు. ఆరో స్టాపులో అస్మిత ఒక పేరు తప్పు కొట్టేస్తే నూర్జహాన్ మళ్లీ తిట్టింది. అస్మిత నవ్వుతూ తిరిగి ఏదో అంది. నన్ను ఇద్దరూ పట్టించుకోలేదు.

పిల్లలందరూ దిగాక, నూర్జహాన్ ఇల్లు దారిలోనే కాబట్టి డ్రైవరు అక్కడ టీకి ఆపడం అలవాటట. ఇల్లు రెండు గదులు. పొయ్యి మీద రాగి సంగటి ఉడుకుతోంది. నూర్జహాన్ నన్ను చూసి కంగారుపడి, నా చెవిలో, "సారూ, ఈయమ్మకు సంగటి యెట్ల పెట్టేది? ఇంట్లో బియ్యం ఉండాయి, రొంతసేపుంటే అన్నం వండుతా" అంది. మా సీమలో ఇంట్లో రోజూ తినేది సంగటే అయినా, చుట్టం వస్తే వరి అన్నమే వండుతారు. ఇవాళ హోటళ్లు సంగటిని గొప్పచేసి అమ్ముతున్నా, ఇళ్లలో ఆ బిడియం పోలేదు. అస్మిత మేడగది కింద కూడా రోజూ సంగటే వండుకునేవారు, పైకి మాత్రం అన్నం పంపేవారు.

నేను జవాబు చెప్పేలోపే అస్మిత కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి, నూర్జహాన్ పెద్దకూతురి చేతిలోని తెడ్డు తీసుకుని, గిన్నెను రెండు కర్రలతో అదిమిపెట్టమని సైగ చేసి, సంగటి కెలకడం మొదలుపెట్టింది. ఉండలు కట్టకుండా, అడుగంటకుండా, మోచేతి బలమంతా పెట్టి. నూర్జహాన్ నోరు తెరిచింది. "ఓ తల్లీ! నీకు యెట్ల వచ్చు ఇది?" వాళ్ల కొండల్లోనూ రాగిపిండితో ఇదే వండుతారట. ఢిండో అంటారట. వాళ్లమ్మ జబ్బున పడ్డాక ఇంట్లో తానే వండేదట. ఆ పూట నలుగురు ఆడవాళ్లూ కిందే కూర్చుని ఒకే పళ్లెంలోంచి ముద్దలు తీసుకుని, చింతాకు పప్పుతో తిన్నారు. నాకూ డ్రైవరుకూ బయట మంచం మీద పెట్టారు. కారానికి అస్మిత ముక్కు కారింది, తినడం ఆపలేదు.

తిరుగుదారిలో ఆమె నాతో మనసు విప్పి మాట్లాడింది. ఇంగ్లీషులో అన్న మాటలకు నా తెలుగు ఇది: "సార్, మీ ఊరివాళ్లు శానా మంచివాళ్లు. కానీ ఆరు వారాలుగా నాకెవ్వరూ ఒక్క పని చెప్పలేదు. పక్కన కూర్చోమనలేదు. నేను తింటుంటే చుట్టూ నిలబడి చూస్తారు. రాత్రిపూట గదిలో ఏడ్చేదాన్ని. ఇవాళే నన్నొకరు తిట్టారు." 'శానా' మాత్రం ఆమె తెలుగులోనే అంది. నేను సిగ్గుపడ్డాను. ఆమెను ఒంటరిని చేసింది ఎండ కాదు, కారం కాదు, నేను. సంతకాలు పెట్టించి మరీ చేశాను.

శనివారం ఆమెను పిలిచి రెండు కాగితాలు ముందు పెట్టాను. ఒకటి ఆమె రాజీనామా. రెండోది తర్వాతి వారం డ్యూటీ చార్టు, అందులో ఆమె పేరు నాలుగు చోట్ల ఉంది. ఏది పంపమంటే అది పంపుతానన్నాను. చార్టు మొత్తం వేలుపెట్టి చదివి, ఓబులేసు సారుకు ఆరు డ్యూటీలుంటే తనకు నాలుగే ఎందుకని అడిగింది. ఆమె అడిగినట్టే ఆరు వేశాను. రాజీనామా మడిచి సంచిలో పెట్టుకుని, క్లాసుకు టైమైందని లేచిపోయింది. ఆ మధ్యాహ్నం ఓబులేసే ఆమె కుర్చీని ఎత్తుకొచ్చి పొడవాటి బల్ల దగ్గర వేశాడు. మాగాయ డబ్బా ఆమె వైపు తోసి, తొమ్మిదో తరగతి పేపర్ల కట్ట కూడా తోశాడు.

నా సర్క్యులర్ రద్దు చేశాను. కొత్తగా చేరినవాళ్లకు మర్యాద ఒక వారం, ఎనిమిదో రోజు నుంచి బస్సు డ్యూటీ అని నియమం పెట్టాను. తర్వాత నేనున్నంతకాలం ఏ టీచరూ ప్రొబేషన్‌లో వెళ్లిపోలేదు. మర్యాద చేసి మనిషిని గడప దగ్గరే నిలబెట్టవచ్చని, లోపలికి రావాలంటే చేతికి పని ఇవ్వాలని ముప్పై ఎనిమిదేళ్ల ఉద్యోగం చివర్లో నేర్చుకున్నాను. ముందే నేర్చుకుని ఉండాల్సింది.

2024 ఏప్రిల్‌లో ఆ ఉద్యోగం కూడా వదిలేశాను. మొన్న ఆగస్టులో ఏదో సర్టిఫికెట్ పని మీద బడికి వెళ్తే కరస్పాండెంటు గదిలో కూర్చోబెట్టారు. కూల్ డ్రింకు తెచ్చారు, ఫ్యాను నా వైపు తిప్పారు. పాత టీచర్లు ఒక్కొక్కరే వచ్చి, నమస్కారం పెట్టి, నిలబడే రెండు మాటలు మాట్లాడి పోతున్నారు. గంట గడిచింది. లేచి పోదామా అనుకుంటుంటే అస్మిత వచ్చింది. నమస్కారం పెట్టలేదు. "ఖాళీగానే ఉండారు కదా సార్" అని యూనిట్ టెస్టు పేపర్ల కట్ట ఒకటి నా ఒళ్లో పెట్టి, ఎర్రపెన్ను చేతికిచ్చి, నాలుగింటికల్లా కావాలని చెప్పి వెళ్లిపోయింది.